అంచె పరుగు

రేడియో గల గృహములలో “రిలే” అను మాటకు పరిచయము అక్కరలేదు. ఢిల్లీ స్టూడియోలో చదివిన తెలుగు వార్తలను ఇక్కడి కేంద్రములు అందుకొని శ్రోతలకు వినిపించుట చిరకాలము సాగిన పద్ధతి. ఆకాశమున ఎగిరి వచ్చు మాటను ఒకరు అందుకొని వేరొకరికి అందించుటయే ఆ రిలే. అదే మాట ఆటస్థలములలోను వినబడును. నలుగురు కలిసి ఒకే పరుగును పంచుకొని, చేతికర్రను ఒకరి చేతినుండి ఒకరికి అందించుచు గమ్యము చేర్చు పందెమునకు రిలే యని పేరు. రెండు అర్థములకు మూలమైన పని మాత్రము రేడియోకంటెను, ఆటలకంటెను మిక్కిలి పాతది. అది మన దారులలోనే జరిగినది.

ఒక చలికాలపు ఉదయమున రికార్డింగు యంత్రముతో మేము జగిత్యాల వెళ్లియుంటిమి. తెల్లవారకముందే మైదానమున పిల్లలు చేరిరి. జగిత్యాలవారు కొందరు, కోరుట్లనుండి మొదటి బస్సులో వచ్చినవారు కొందరు, సిరిసిల్లనుండి ముందురోజు రాత్రియే వచ్చి బంధువుల ఇండ్లలో నిద్రించినవారు కొందరు. ఆనాడు వారు రెండు విధముల పందెములు పరుగెత్తిరి. ఒకటి రిలే. రెండవది హాండికాప్ పందెము. ఈ రెండవదానిలో అందరు ఒక్కసారి బయలుదేరరు. అందరికంటె మందగమనుడైన బాలుని ముందు పంపుదురు. కొన్ని సెకనులు గడచిన తరువాత మరియొకని, అటుపిమ్మట వేరొకని. ఊరిలోకెల్ల వేగము గలవాడు చిట్టచివర, తనముందు పదిమంది వీపులను చూచుచు బయలుదేరవలెను. లెక్క సరిగా కట్టినచో గమ్యమువద్ద అందరు దాదాపు ఒక్కసారి చేరుదురు.

మా ప్రక్కన నిలిచి చూచుచున్న ఒక నేతపనివాడు ఆశ్చర్యపడి, “ఇదేం పందెం సారూ, పిలగాన్ని ముందుగాల్నే ఇడిసిపెడితిరి?” అని ప్రశ్నించెను. సమంజసమైన ప్రశ్నయే. మేము తోచినంత సమాధానము చెప్పితిమి గాని, అతనికి తృప్తి కలిగినట్లు తోచలేదు.

హాండికాప్ అను మాట ఆంగ్లదేశమున ఒక మారకపు ఆటనుండి పుట్టినది. ఇద్దరు తమ వస్తువులను మార్చుకొనదలచినపుడు, రెంటి విలువలో భేదమెంతయో మధ్యవర్తి నిర్ణయించును. పందెపు సొమ్మును టోపీలో ఉంచి, టోపీలో చేయిపెట్టి తమ సమ్మతినో అసమ్మతినో తెలుపుట ఆ ఆటలోని నియమము. “టోపీలో చేయి” అను ఆ మాటయే క్రమముగా గుఱ్ఱపు పందెములకు సంక్రమించెను. బలము గల గుఱ్ఱముపై అధికమైన బరువు, బలహీనమైన గుఱ్ఱముపై స్వల్పమైన బరువు. 1886లో మలక్‌పేటకు గుఱ్ఱపు పందెములు తరలివచ్చిన నాటినుండి హైదరాబాదు నగరవాసులకు ఈ మాట చెవిని పడుచునే యున్నది. మనుష్యుల పరుగులో బరువునకు బదులు కాలమునో దూరమునో హెచ్చుతగ్గులు చేయుదురు. ఆస్ట్రేలియాలోని స్టావెల్ అను చిన్న పట్టణమున 1878లో మొదలైన ఇట్టి పందెము నేటికిని ఈస్టరు పండుగనాళ్లలో పచ్చికబయలుపై జరుగుచున్నది.

ఈ పందెమునకు పరుగెత్తువారికంటె లెక్క వ్రాయువాడు ముఖ్యుడు. ప్రతివాని వేగమును వారము వారము పుస్తకమున వ్రాసి, పక్షపాతము లేక విలువకట్టు ఒక మనిషి కావలెను. పరుగెత్తువారందరు అతనిని నమ్మవలెను. అటువంటి లెక్కల పుస్తకము లేని ఊర హాండికాప్ పందెము నిలువదు. మనవైపు ఇది అరుదగుటకు కారణము అదియేయని మా తలంపు. రిలేకు అట్టి లెక్క అక్కరలేదు. ఒకని చేతిలోనిది వేరొకనికి అందవలెను, అంతే.

దీనికి తెలుగులో చక్కని మాట ఒకటి కలదు: అంచె. దూరప్రయాణములో బోయీలను, గుఱ్ఱములను మార్చు చోటునకు అంచె యని పేరు. అంచెలంచెలుగా ఎదిగెనని మనము నేటికిని చెప్పుకొనునపుడు ఆ దారి మజిలీలనే తలచుచున్నాము. పొరుగున కన్నడిగులు ఉత్తరముల కార్యాలయమునకు అంచె కచేరి యనియే పేరిడిరి. తిరువాన్కూరులో సంస్థానపు తపాలాకు అంచల్ అని పేరు. అక్కడి ఓటగాడు చేత గంటలు గల కోలతో పరుగెత్తుచుండెను. తెలుగువారు మాత్రము అంచెను విడిచి తపాలా, టపా అను మాటలను స్వీకరించిరి. ఈ మాట పుట్టుకను గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. మజిలీ అను అర్థము గల ఫ్రెంచిమాటతో దీనికి చుట్టరికము ఉండవచ్చునని సి. పి. బ్రౌను ఊహించెను. తపాలు అనుదానిని బహువచనమని భ్రమించి, తెలుగు గుమాస్తాలు తపా అను ఏకవచనమును కల్పించిరని కూడ ఆయన వ్రాసెను. గుమాస్తాల వ్యాకరణ పాండిత్యమును చూచి నవ్వుకొనవచ్చును గాని, తెలంగాణములో నిలిచినది వారి మాటయే.

ఇక పరుగు సంగతి. 1333లో సింధుదేశమున ప్రవేశించిన మొరాకో యాత్రికుడు ఇబన్ బటూటా, మహమ్మదు బిన్ తుగ్లకు పాలనలోని టపాను కన్నులార చూచి వర్ణించెను. ఆనాడు రెండు విధములైన టపాలుండెను. గుఱ్ఱపు టపాకు ఉలాక్ అనియు, కాలినడక టపాకు దావా అనియు పేర్లు. దావాకు మైలులో మూడవవంతునకు ఒక మజిలీ. మజిలీవద్ద గుడారములలో మనుష్యులు నడుము బిగించుకొని సిద్ధముగా కూర్చుండియుందురు. పరుగువాని ఒక చేత ఉత్తరము, వేరొక చేత రెండు మూరల కోల. కోల చివర రాగి గజ్జెలు. ఆ గజ్జెల సవ్వడి దూరమున వినబడగనే తరువాతివాడు లేచి నిలుచును. ఉత్తరము అందుకొన్న మరుక్షణము శక్తికొలది పరుగెత్తును. ఈ కాలినడక టపా గుఱ్ఱపు టపాకంటె వేగమైనదని ఇబన్ బటూటా స్పష్టముగా చెప్పెను. సింధునుండి ఢిల్లీకి యాత్రికులకు యాబది దినములు పట్టు దారిలో వార్త ఐదు దినములలో చేరెనట.

ఆనాటి మైలు నేటి మైలునకు సరిగా సరిపోదు. అయినను ఒక్కొక్కని పరుగు నాలుగైదు వందల మీటర్లనుండి పైకి ఉండునని భావింపవచ్చును. నేడు రిలే పందెములో ఒక్కొక్కరు పరుగెత్తు నాలుగువందల మీటర్లకు అది చాల దూరము కాదు. మనిషి పూర్తి వేగమును నిలుపుకొనగల హద్దు ఎంతయో ఆ ఏర్పాటు చేసినవారికి శిక్షకులు చెప్పకయే తెలిసియుండవలెను. సుల్తాను దౌలతాబాదులో నున్నపుడు నలుబది దినముల ప్రయాణపు దూరమునుండి గంగాజలము ఈ విధముగనే ఆయన త్రాగుటకు వచ్చుచుండెను. ఖురాసాను పండ్లు కూడ ఇట్లే వచ్చెను. ఘోరాపరాధులను సైతము మంచముపై పరుండబెట్టి, తలపై మోసికొని, పరుగుతో చేరవేసిరట! ఆ మంచము మోసినవారి సంగతి యాత్రికుడు చెప్పలేదు.

తెలంగాణమునకు ఈ అంచెలు అంతకుముందే వచ్చెను. 1309లో అల్లాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూరు ఓరుగల్లుపై దండెత్తినపుడు, ఢిల్లీ సమీపమునుండి సేన యున్నచోటి వరకు దారిపొడవున ఠాణాలు నిలిపి గుఱ్ఱములను, పరుగువారిని ఉంచిరని జియాఉద్దీన్ బరనీ వ్రాసెను. సుల్తానునకు దినము దినము సేన క్షేమము తెలియుటకు ఆ ఏర్పాటు. కాని ప్రతాపరుద్రుని కోట ముట్టడిలో నున్నపుడు తెలంగాణపు దారిలోని ఠాణాలు తెగిపోయెను. నలుబది దినములకు పైగా ఢిల్లీకి ఒక్క వార్తయు రాలేదు. సుల్తాను కలతచెంది, షేక్ నిజాముద్దీన్ ఔలియా వద్దకు మనుష్యులను పంపి సేన గతిని అడిగించెను. అంత గొప్ప సామ్రాజ్యాధిపతి ఒక సాధువును ఆశ్రయించి వార్త అడుగవలసి వచ్చుటకు, ఈ దారులలో ఎచ్చటనో కొందరు పరుగువారు తమ మజిలీ చేరలేకపోవుటయే కారణము. వారు చంపబడిరో, పారిపోయిరో బరనీ చెప్పడు. చరిత్రకారులు కోట పడిపోయిన తేదీని వ్రాయుదురు గాని, ఉత్తరము ఏ చెట్టుక్రింద ఆగిపోయెనో వ్రాయరు.

పదిహేడవ శతాబ్దమున గోలకొండకు పలుమారులు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ ఇంకొక విశేషమును చూచెను. రెండేసి లీగులకు ఒక చిన్న గుడిసె, అందు ఇద్దరు ముగ్గురు పరుగువారు. వచ్చినవాడు ఉత్తరమును తరువాతివాని చేతికి ఇయ్యడు. గుడిసె వాకిట, అతని పాదములవద్ద విసరివేయును. చేతికిచ్చుట అపశకునమని వారి నమ్మకము. తరువాతివాడు వంగి, నేలనుండి తీసికొని పరుగెత్తవలెను. చెట్లులేని దారులలో ఐదువందల అడుగులకొక రాతిగుర్తు నిలిపి, సమీపగ్రామస్థులు వాటికి సున్నము పూయుచుండవలెనని ఏర్పాటు. వానకాలపు చీకటి రాత్రులలో ఆ తెల్లని గుర్తులే పరుగువానికి దారి చూపును. దీపమైనను లేక రాతినుండి రాతికి పరుగెత్తు ఆ మనిషిని ఊహించునపుడు, గోలకొండ వజ్రములను గూర్చి టావెర్నియర్ వ్రాసిన పుటలకంటె ఈ నాలుగు మాటలే మాకు విలువైనవిగా తోచును.

నిజాము రాజ్యమున మొదటి సాలార్‌జంగు సంస్కరణలలో టపా కూడ ఒకటి. 1869లో సంస్థానపు మొదటి తపాలాబిళ్ల వెలువడెను. 1871 బిళ్లలపై విలువ తెలుగులోను అచ్చుపడెను. ప్రభుత్వ కార్యములన్నియు అన్యభాషలో నడచు కాలమున, రైతు ఇంటికి వచ్చిన ఉత్తరముపై ఒక మూల చిన్న తెలుగు అక్షరములుండుట స్వల్పవిషయము కాదు. ఆనాడు ఈ ప్రాంతమంతయు ఎలగందల జిల్లా. జగిత్యాల, సిరిసిల్ల అందలి తాలూకాలు. 1905లో జిల్లా కేంద్రము కరీంనగరునకు మారెను. కోరుట్ల అప్పుడు జగిత్యాల తాలూకాలోని ఊరు, చేతికాగితమునకు పేరుపడినది. పట్వారీల లెక్కపుస్తకములకు ఆ ముతక కాగితమే వాడుక. ఈ ఊళ్ల పరుగువారు మోసిన సంచులలోని కాగితములు కొన్ని ఆ ఊరివే యైయుండును.

ఈ మూడు ఊళ్ల సంగతిలో ముఖ్యముగా గమనింపవలసినది రైలు దూరముగా నుండుట. పడమట నిజామాబాదు మీదుగ ఒక రైలుమార్గము, తూర్పున పెద్దపల్లి మీదుగ వేరొకటి వచ్చెను. నడుమ నున్న జగిత్యాలకు రైలు చేరుటకు ఇరువదియొకటవ శతాబ్దము రావలసివచ్చెను. కరీంనగరునుండి నిజామాబాదు వరకు మార్గము పూర్తియైనది 2017లో. సిరిసిల్ల వైపు వేయుచున్న మార్గము 2023లో సిద్దిపేట వరకు వచ్చెను. రైలు లేనిచోట, బస్సులు రాకముందు, ఉత్తరమునకు మనిషి కాలే ఆధారము. కరీంనగరునుండి జగిత్యాల సుమారు ముప్పది మైళ్లు. ఆరు మైళ్లకొక అంచె అనుకొన్నచో ఐదుగురు మనుష్యులు. గంటకు ఐదు మైళ్ల చొప్పున ఆరు గంటల పని. కాగితముపై లెక్క ఇంత సులువు. ఆ లెక్కలో సిరిసిల్లవద్ద మానేరు పొంగిన రోజు చేరదు. ఎండకాలపు మధ్యాహ్నము చేరదు. ధర్మపురి వైపు గోదావరి ఒడ్డున బురద చేరదు. పులి చేరదు.

ఈ పరుగువారు ఎవరు? బ్రిటిషు ఇండియా తపాలాశాఖకు అధిపతియైన జాఫ్రీ క్లార్కు 1921లో తమ శాఖ చరిత్ర వ్రాయుచు వారిని మెచ్చుకొనెను. వారు కొండజాతులవారు, పేదలు. అడవిమృగమునకు, దొంగకు భయపడరు గాని చెట్టుమీది దయ్యమునకు భయపడి మైళ్లకొలది చుట్టుదారిన పోవుదురట. సంచిని దేవతవలె కాపాడుదురు. వారిలో మోసము మిక్కిలి అరుదు. ఇంత చెప్పి, వారి జీతము నెలకు పండ్రెండు రూపాయలు మించుట అరుదని కూడ ఆయనయే చెప్పెను. ఆ రెండు వాక్యములు ఒకేచోట వ్రాయుటకు ఆయన సంకోచింపలేదు. చదువునపుడు మాకు మాత్రము కొంత సంకోచము కలిగినది.

పండ్రెండు రూపాయలైనను జీతమే. తెలంగాణపు పల్లెలలో దానికి దిగువన మరియొక పరుగు ఉండెను. దానికి జీతము లేదు, పేరు వెట్టి. పటేలు వ్రాసిన నివేదికను పోలీసు ఠాణాకు, తహసీలు కచేరికి మోసికొనిపోవుట మాల మాదిగ వాడలలోని ఇండ్లవారి వంతు. ఇంటికొక మనిషి చొప్పున వంతు వచ్చును. ఇంట జ్వరమున్నను, పొలమున నాట్లున్నను కాగితము కదలవలెను. వెట్టిచాకిరిలోని ఈ భాగమును పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో వివరించెను. సర్కారు టపా అందమైన బిళ్లలతో తాలూకా కేంద్రము వరకు వచ్చును. అక్కడినుండి పల్లెలోని అధికారపు కాగితమును మోసినది ఈ కూలిలేని కాళ్లు. 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటమునకు వెట్టి ముఖ్యకారణములలో ఒకటి. ఆ తరువాతను అది పూర్తిగా పోలేదు. వెట్టిచాకిరి నిషేధ చట్టము 1976లో వచ్చెను. 1978 సెప్టెంబరులో జగిత్యాల వీధులలోనికి రైతుకూలీలు వేలకొలదిగా తరలివచ్చినపుడు, వెట్టి పోవలెనను కోరిక వారి కోరికలలో నుండెను. నెల గడచినది మొదలు కాకముందే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములని ప్రకటింపబడుటకు రంగము సిద్ధమయ్యెను. ఆ అక్టోబరులోనే ప్రకటన వచ్చెను.

నేతపనివాని ప్రశ్నకు సమాధానము ఇక్కడ దొరకునని మాకు తరువాత తోచినది. హాండికాప్ పందెములో బలవంతునకు ఆలస్యము, బలహీనునకు ముందడుగు. టపాదారిలో, వెట్టిదారిలో లెక్క తలక్రిందులు. ఎవని ఇంట గింజలు తక్కువయో వాని భుజముపై బరువెక్కువ. అతని తాతలు ఏ దారిన నడచిరో మాకు తెలియదు. కాని చిన్నవానిని ముందుగా పంపుట అతనికి వింతగా తోచుట సహజమే.

1950 ఏప్రిల్ 1వ తేదీన నిజాము సంస్థానపు తపాలా భారత తపాలాశాఖలో కలిసిపోయెను. అదే తేదీన దక్కను రేడియో ఆకాశవాణి అయ్యెను. ఒకే ఉదయమున సంస్థానపు ఉత్తరము, సంస్థానపు స్వరము రెండును చేతులు మారెను. మా కేంద్రమునకు సంబంధించినది కనుక ఈ తేదీని మేము కొంత మమకారముతో తలచుకొందుము. అటుపిమ్మట బస్సులు పెరిగెను. సిరిసిల్ల నేతకారులు షోలాపూరు, భీవండి మగ్గములకు వలసపోయిరి. జగిత్యాల, కోరుట్ల యువకులు గల్ఫుదేశములకు పోయిరి. వారి ఉత్తరములకొరకు, మనియార్డరులకొరకు ఎదురుచూచిన వాకిండ్లు ఈ ఊళ్లలో ఎన్నో కలవు. గజ్జెల సవ్వడి స్థానమున సైకిలు గంట వచ్చెను. ఆ తరువాత అదియు తగ్గెను.

పరుగు మాత్రము పోలేదు. మేము చూచిన మైదానమున పిల్లలు పరుగెత్తుచున్నది పతకమునకే కాదు. 2022లో వెలువడిన పోలీసు ఉద్యోగముల ప్రకటన ప్రకారము పురుషులు 1600 మీటర్లు 7 నిమిషముల 15 సెకనులలోను, స్త్రీలు 800 మీటర్లు 5 నిమిషముల 20 సెకనులలోను ముగింపవలెను. ఈ అంకెలు అక్కడ ప్రతి పిల్లవానికి, ప్రతి పిల్లకు కంఠస్థములు. జీతమునకు పరుగెత్తుట ఈ నేలకు కొత్త కాదు గదా! అయితే నేడు ఆ జీతముతో ఒక ఇల్లు నిలుచును.

రిలే చివరకు వచ్చెను. పురుషుల రిలే ఒలింపిక్ క్రీడలలో ఇప్పటి రూపమున చేరినది 1912లో, స్టాక్‌హోమున. స్త్రీలకు 1928 వరకు ఆ అవకాశము రాలేదు. జగిత్యాల మైదానమున ఆనాడు బాలికల జట్టులే ముందు పరుగెత్తినవి. చేతికర్రలు వడ్రంగి చెక్కిన కర్రముక్కలు, చివర ఎఱ్ఱరంగు పూసినవి. మూడవ మార్పిడివద్ద ఒక జట్టు కర్ర జారి మట్టిలో పడెను. చూచుచున్నవారు అయ్యో యనిరి. నియమము ప్రకారము జారవిడిచిన పిల్లయే దానిని తీయవలెను. తరువాతి పిల్ల కదలక చేయి చాచి నిలిచియుండెను. మొదటి పిల్ల వంగి, మట్టితో సహా కర్రను తీసి, ఆ చేతిలో పెట్టి ప్రక్కకు జరిగెను. మా యంత్రములో ఆ క్షణమున కేకలు, వెంటనే దూరమగుచున్న అడుగుల చప్పుడు నమోదైనవి.